రాజోలులో కార్బన్ లేని గాలి

నేను కోనసీమ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ మా కర్నూల్లో అందరిదీ ఒకటే ప్రశ్న, పులస తిన్నావా అని. తినలేదు. పులస వానాకాలం చేప, నేను వెళ్ళింది చలికాలం, పైగా నేను శాకాహారిని. మరి అంత దూరం పోయి ఏం చేసొచ్చావు అంటారు. గాలి కొలిచి వచ్చాను అంటే ఎవరూ నమ్మడం లేదు. అందుకే ఇదంతా కూర్చుని రాయాల్సి వస్తోంది.

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. గాల్లో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూపించే చిన్న మీటరు ఒకటి ఆ మధ్య పిల్లల కోసం కొన్నాను. పది లక్షల పాళ్ళ గాలిలో ఆ వాయువు ఎన్ని పాళ్ళుందో అది అంకెల్లో చెబుతుంది. ఆరుబయట ఈ రోజుల్లో నాలుగు వందల పాతిక, ముప్ఫై దగ్గర ఆడుతుంది. ఫ్యాక్టరీలూ మోటార్లూ రాకముందు మూడు వందలు కూడా ఉండేది కాదు. ఈ మాట ఎత్తితే మా ఇంట్లో అందరికీ ఒక్కసారిగా వేరే పనులు గుర్తొస్తాయి.

ఆ మీటరు సంగతి మాటల్లో మంగకి చెప్పాను. మంగ అంటే మంగతాయారు, డిగ్రీలో నా హాస్టల్ రూమ్మేటు. ఇప్పుడు రాజోలు పక్కన ఉంటుంది. వాళ్ళాయన సత్తిబాబుగారు మస్కట్‌లో ఏళ్ళ తరబడి ఏసీలు బాగుచేసి, ఇంక ఆ ఎడారి చాలు అని వచ్చేసి, కాలవ పక్క కొబ్బరితోటలో టూరిస్టుల కోసం నాలుగు గదులూ ఒక హాలూ కట్టారు. ఒకరోజు మంగ ఫోను.

"ఏమే శారదా, నువ్వు తక్షణం బయల్దేరాలి. ఆదివారం హైదరాబాదు నుంచి మొదటి బ్యాచ్ వస్తోంది. ప్రాణాయామం చేసేవాళ్ళంట."

"మంచిదే కదే."

"మంచిదేగానీ, ఈయన గేటుకి బోర్డు పెట్టేసేరు. 'కార్బన్ లేని గాలి' అని. వాళ్ళు అది చూసే వస్తున్నారు. నువ్వొచ్చి కొలిచి, లేదు అని చెప్పాలి."

కార్బన్ లేని గాలి భూమ్మీద ఎక్కడా ఉండదని నేను మొదలుపెట్టేలోపు దాని గొంతు తగ్గిపోయింది. "మస్కట్ నుంచి పాత కంపెనీవాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారే. సోమవారం లోపల ఏ మాటో చెప్పాలి. ఈ బ్యాచ్ బాగుందని వెళితే ఈయన ఉండిపోతారు. లేకపోతే మళ్ళీ విమానం ఎక్కేస్తారు. నాకింక ఫోన్లో సంసారం చెయ్యడం చేతకాదే."

మీటరు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని రైలెక్కాను.

జొన్నాడ: మూసిన కిటికీలు

రాజమండ్రిలో దిగి అమలాపురం బస్సెక్కాను. చలికి కిటికీలన్నీ మూసేశారు. మా వైపు బస్సుల్లో కిటికీ పక్క సీటు కోసం తగువులాడుకుంటాం. ఇక్కడ ఆ సీటు ఎవరికీ వద్దు, మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని ఒకళ్ళకొకళ్ళు దానం చేసుకుంటున్నారు. నాకు దక్కింది. మీటరు తీసి చూస్తే రెండు వేలు దాటింది. అంటే బస్సు నిండా మేము ఒకళ్ళు వదిలిన ఊపిరి ఒకళ్ళం పీలుస్తున్నామన్నమాట.

పక్కసీటు పెద్దాయన చాలాసేపు మర్యాదగా ఓర్చుకుని, చివరికి అడిగాడు.

"షుగరు మిషనాండీ?"

"కాదండీ, గాలి కొలిచేది."

"ఆయ్. వేలెక్కడ పెట్టాలండీ?"

వేలు అక్కర్లేదని చెప్పేలోపే పెట్టేశాడు. అంకె కనబడక మీటరు మీదకి వంగి గట్టిగా ఊపిరి వదిలాడు. మూడు వేలయింది. ఆయన మొహం వాడిపోయింది. "నిన్న మేనకోడలి పెళ్ళిలో కాజాలు నాలుగు ఎక్కువ తినేసేనండీ. ఇట్టే పట్టేసింది చూడండి" అన్నాడు.

కాస్త కిటికీ తెరుద్దామా అన్నాను. అంతే, మేడమ్ గారికి గాలాడట్లేదంట అని బస్సంతా పాకింది. ఒకావిడ నిమ్మకాయ ఇచ్చింది. ఇంకొకావిడ నా తల మీద తడిచెయ్యి వేసింది. కండక్టరుగారు ముందుసీటు ఖాళీ చేయించారు. అందరూ నా కోసం అన్నీ చేశారు, కిటికీ మాత్రం ఎవరూ తెరవలేదు. జొన్నాడ దాటి గోదావరి వంతెన మీదికి రాగానే సిగ్గు విడిచి నేనే తెరిచాను. మీటరు నాలుగు వందల పాతిక్కి దిగింది. కింద ఆ నీళ్ళు చూస్తే, ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టిన చేతులు నావి, ఒళ్ళు మండిపోయింది. ఇన్ని నీళ్ళు ఒక్క జిల్లాకే ఎందుకండీ అని పైకే అనేశాను. పెద్దాయన, ఆ నీళ్ళు తనే దాచుకున్నట్టు, "మీ వైపు కూడా వానలు పడతాయిలెండి" అని ఓదార్చాడు.

కొత్తపేట: ఎవరికెన్ని మార్కులు

కొత్తపేటలో దిగి టీకొట్టు దగ్గర నిలబడ్డాను. మా ఊళ్ళో రోడ్డు మీద ఎవరైనా మిషను బయటికి తీస్తే, కరెంటు ఆఫీసువాళ్ళేమో అని జనం మాయమైపోతారు. ఇక్కడ కుర్చీ వేశారు. గ్యాస్ పొయ్యి పక్కన కాబట్టి నాలుగు వందల అరవై చూపించింది.

"మాకెంతొచ్చిందండీ?" అన్నాడు కొట్టాయన.

చెప్పాను.

"వచ్చేదారిలో జొన్నాడకెంతొచ్చిందండీ?"

"నాలుగు వందల పాతిక."

కొట్టాయన గరిటె పక్కన పెట్టి, అటూ ఇటూ ఉన్న దుకాణాలవాళ్ళని కేకేశాడు. "జొన్నాడకి నాలుగొందల పాతికేనంట! మనకి నాలుగొందల అరవై!"

ఎక్కువ రావడం గొప్ప కాదండీ, తక్కువుంటేనే మంచిది అని చెప్పబోయాను. ఎవరూ వినిపించుకునే స్థితిలో లేరు. నా చుట్టూ గుమిగూడి, మీటరు మీదకి వంగి, ఎంతైందండీ ఎంతైందండీ అంటుంటే, ఆ ఊపిర్లకి అంకె ఏడు వందలకెక్కింది, ఎనిమిది వందలకెక్కింది. తొమ్మిది వందలు దాటగానే చప్పట్లు కొట్టారు. జొన్నాడ పక్కనున్న ఆలమూరువాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాలన్నారు. ఊరికి ఇంత మంచిపేరు తెచ్చినందుకు టీకి డబ్బులు తీసుకోలేదు, పైగా పూతరేకుల డబ్బా ఒకటి చేతిలో పెట్టారు. అది పుచ్చుకున్నాక నిజం చెప్పడం అంత బాగుండదనిపించింది. ఆలమూరువాళ్ళు నన్ను క్షమించాలి.

దారిలో అంబాజీపేటలో ఆగి పొట్టిక్కలు తిన్నాను. పనసాకుల బుట్టలో ఆవిరి మీద ఉడికే ఇడ్లీ అది, ఆకు వాసనతో సహా కడుపులోకి పోతుంది. అమలాపురంలో కొబ్బరిబోండాం మా ఊరి ధరలో సగం. రెండు తాగి, మూడోది అడిగితే కొట్టేవాడు నాకేసి జాలిగా చూసి, మీదే ఊరండీ అన్నాడు. కర్నూలంటే మూడోది ఊరికే ఇచ్చాడు.

రాజోలు: లీకు ఎక్కడ

మంగ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు. పులుసులో బెల్లమేమిటే అంటే, మీ పప్పులో అన్ని మిరపకాయలేమిటే అంది. పాతికేళ్ళుగా మా ఇద్దరికీ తేలని తగువది.

సత్తిబాబుగారు పొడుగు మనిషి. చొక్కా జేబులో పెన్ను బదులు స్క్రూడ్రైవరు పెట్టుకుంటారు. తాను కట్టిన హాలు చూపించారు. అద్దాల తలుపులు, రెండు ఏసీలు, కిటికీల చుట్టూ రబ్బరు పట్టీలు. "చీమ దూరదు చెల్లెమ్మగారూ" అన్నారు గర్వంగా. తర్వాత తోటలోకి తీసుకెళ్ళి, మీటరు పెట్టమన్నారు. నాలుగు వందల పది. నేను మురిసిపోయాను. ఆయన డీలా పడిపోయారు.

"సున్నా రాలేదాండీ?"

"రాదండీ."

"పర్లేదండీ. ఎక్కడో లీకుంటుంది. చూసుకుందాం."

మర్నాడు తెల్లారుతూనే మంచులో మళ్ళీ పెట్టాం. ఐదు వందల నలభై. కర్నూలు బస్టాండు నయం. సత్తిబాబుగారు తలపాగా తీసి మొహం తుడుచుకున్నారు.

"ఇదేంటండీ, తోటలో లారీ కూడా లేదు కదండీ!"

రాత్రంతా చెట్లూ, మట్టిలో పురుగూ పుట్రా కూడా మనలాగే ఊపిరి వదులుతాయనీ, గాలి కదలకపోతే అదంతా ఆకుల కింద నిలవుంటుందనీ, ఎండ రాగానే చెట్లు దాన్నే తింటాయనీ చెప్పాను. కొబ్బరిచెట్టు నేలలోంచి తీసుకునేది నీళ్ళూ, కాస్త ఉప్పూ సత్తువా. ఆ మాను, మట్ట, కాయలో కొబ్బరి, అంతా గాల్లోని కార్బన్‌తో కట్టుకున్నదే.

ఆయన కింద పడున్న కాయ తీసి చెవి దగ్గర ఊపారు. "ఇది గాలితో చేసిందాండీ?"

"అవునండీ. మీ బోర్డు నిజమై సున్నా వస్తే, తోటంతా తిండిలేక చస్తుంది."

"మరయితే టీవీలో ఆ గోలంతా ఎందుకండీ?"

"గొడవ చెట్టు వదిలేదానితో కాదండీ, అది మళ్ళీ తీసేసుకుంటుంది. నేల కింద ఎప్పుడో పూడిపోయిన బొగ్గూ చమురూ తోడి కాలుస్తున్నాం చూడండి, అది అదనం. చెట్లూ సముద్రాలూ కలిసి ఎంత మింగినా దాదాపు సగం గాల్లోనే మిగిలిపోతోంది."

"చమురంటే మస్కట్‌దాండీ?"

"అదీ ఉందండీ ఇందులో."

సత్తిబాబుగారికి ఇది చాలా అన్యాయంగా తోచింది. "నేను ఇంటికి రావడానికి ఇన్నేళ్ళు పట్టిందండీ. అది వీసా లేకుండా, టిక్కెట్టు లేకుండా నాకంటే ముందు వచ్చి నా తోటలో కూర్చుందాండీ!" అన్నారు.

పొలిమేర యుద్ధం

శనివారం పొద్దున్న పెద్ద హోరుకి మెలకువ వచ్చింది. బయటికొస్తే, షామియానా కొట్టునుంచి పెళ్ళిళ్ళ ఫ్యాన్లు తెప్పించి సత్తిబాబుగారు చెట్ల మధ్య వరసగా నిలబెట్టి ఉన్నారు. పైగాలి కిందికి కలిసి, అంకె నిజంగానే తగ్గుతోంది. ఆయన ఆనందానికి అంతు లేదు. ఆ ఫ్యాన్లు ఎటు తిరిగున్నాయో చూసుకోలేదు పాపం. పక్క తోట వెంకట్రావుగారి వైపు తిరిగున్నాయి.

వెంకట్రావుగారు కండువా సర్దుకుంటూ గట్టు దగ్గరకి వచ్చారు. మావైపయితే ఇలాంటప్పుడు మొదటి మాటలోనే ముత్తాతలు దిగొస్తారు. ఇక్కడ తగువు ఇలా మొదలైంది.

"సత్తిబాబుగారూ, బాగున్నారాండీ?"

"ఆయ్, మీ దయండీ. టిఫిను చేసేరాండీ?"

"చేసేనండీ. మీ కార్బనంతా మా తోటలోకి తోలేస్తున్నారంటండీ."

"అది చెట్లకి తిండేనండీ. మీ కాయ బరువెక్కుతుందండీ."

"తమరి అభిమానం అండీ. కానీ ఎవరి కార్బన్ వాళ్ళు ఉంచుకోవడం ధర్మం అండీ."

"గాలికి గట్లుంటాయాండీ?"

"ఫ్యాన్లకుంటాయి కదండీ" అని దణ్ణం పెట్టి వెళ్ళి, గంట తిరక్కుండా తనూ ఫ్యాన్లు తెచ్చి ఇటువైపు తిప్పారు. రెండు వరసలూ ఎదురెదురుగా మోగుతుంటే ఎండుమట్టలు లేచాయి, కోళ్ళు ఇళ్ళల్లో దూరాయి, మంగ ఆరేసిన పట్టుచీర ఎగిరి కాలవలో పడింది. నన్ను గట్టు మీద నిలబెట్టి, ఎవరి కార్బన్ ఎటు పోతోందో తీర్పు చెప్పమన్నారు. నాలుగు వందల ఎనభై అన్నాను. ఎవరిదండీ అన్నారిద్దరూ.

మంగ తడిచీర భుజాన వేసుకుని వచ్చి స్విచ్చి ఆపేసింది.

"ఆ బోర్డు తీసెయ్యండి" అంది మొగుడితో.

"తీసేస్తే ఎవరొస్తారే?" అన్నారాయన. గొంతులో అండీలు, ఆయ్‌లు అన్నీ పోయాయి. "ఎవరూ రాకపోతే మళ్ళీ నేనేగా వెళ్ళాలి."

మంగ చీర పిండుకుంటూ లోపలికెళ్ళిపోయింది. వెంకట్రావుగారు తన ఫ్యాన్లు తనే మోసుకుపోయారు. నాకు ఆ పూట పూతరేకులు కూడా సహించలేదు. బోర్డు మాత్రం ఎవరూ తియ్యలేదు.

ఆదివారం: హాయిగా గురక

పెందరాళే వ్యాన్లో హైదరాబాదు బృందం దిగింది. అందరూ రిటైరైనవాళ్ళు. వాళ్ళ గురువు పద్మావతిగారు, బ్యాంకు మేనేజరుగా చేసినావిడ, ఇప్పటికీ ఎదుటివాళ్ళని లోను అడగడానికొచ్చినవాళ్ళని చూసినట్టే చూస్తారు. దిగుతూనే బోర్డు చదివి, "గుడ్" అన్నారు. బయట మంచుగా ఉందని హాల్లోకి వెళ్ళి తలుపులు వేయించారు. సత్తిబాబుగారి రబ్బరు పట్టీలు తమ పని తాము చేశాయి.

వాళ్ళు గట్టిగా పీలుస్తున్నారు, గట్టిగా వదులుతున్నారు. మీటరు నేను అద్దం లోపలివైపు కిటికీ గట్టు మీద పెట్టి, బయటనుంచి చూస్తున్నాను. వెయ్యి, పదిహేను వందలు, రెండు వేలు. మెల్లగా ఆవలింతలు మొదలయ్యాయి. ఒకాయన పక్కకి ఒరిగాడు. ఇంకొకాయన గురకే పెట్టేశాడు. "చూశారా, ఎంత త్వరగా సమాధి కుదిరిందో! గాలి మహిమ" అన్నారు పద్మావతిగారు అద్దం ఇవతల మాకూ వినబడేలా, తనూ ఆవలిస్తూ.

"సమాధి కాదు, అన్నయ్యగారూ. గదిలో గాలి చచ్చిపోయింది. తలుపులు తియ్యాలి" అన్నాను పక్కనే ఉన్న సత్తిబాబుగారితో.

సత్తిబాబుగారు కదల్లేదు. నాకు అర్థమైంది. లోపలివాళ్ళు సంతోషంగా ఉన్నారు. మంచి నిద్రపోయి లేచి, అద్భుతం అని రాసి వెళ్ళిపోతారు. ఆ తలుపు ఇంకొంచెంసేపు మూసుంటే చాలు, మస్కట్ తప్పిపోతుంది. నాకే ఒక్క క్షణం నోరు మూసుకోవాలనిపించింది, మంగ మొహం చూసి.

మంగ కూడా ఆయన్నే చూస్తోంది. ఆయన జేబులో స్క్రూడ్రైవరు ఒకసారి తడుముకున్నారు. తర్వాత వెళ్ళి తలుపులన్నీ బార్లా తీసేసి, "అందరూ బయటికి వచ్చెయ్యండి బాబూ, లోపల గాలి బాలేదండీ!" అని కేకపెట్టారు.

పద్మావతిగారికి కోపం నషాళానికి ఎక్కింది. "బోర్డు మీద ఏం రాశారు మీరు?"

"అబద్ధం రాసేనండీ" అన్నారు సత్తిబాబుగారు. చేతులు కట్టుకుని ఉన్నారు. "కార్బన్ లేని గాలి ఎక్కడా ఉండదంటండీ. హాల్లోది మీరు వదిలిందేనండీ. తోటలోది చెట్లు వదిలిందండీ. మిగతాది మా మస్కట్‌దండీ. ఎండొస్తే చెట్లు కొంత తినేస్తాయండీ. నాకు తెలిసింది అంతేనండీ. మీ డబ్బులు మీకిచ్చేస్తానండీ."

చాపలు పట్టుకుని అందరూ తోటలోకి వచ్చారు. గురక పెట్టినాయన మాత్రం ఇంకా లోపలే ఉన్నాడు.

"తింటాయా?" అన్నారు పద్మావతిగారు. "కనబడుతుందా?"

మీటరు తెచ్చి మామిడికొమ్మకి కట్టాను. అప్పుడు ఐదు వందల పైన ఉంది. ఎండ ఆకుల్లోంచి దిగడం మొదలైంది. నాలుగు వందల తొంభై. డెబ్బై. ప్రాణాయామం సంగతి అందరూ మరిచిపోయారు. క్రికెట్ చూసినట్టు చాపల మీద చేరి, అంకె తగ్గినప్పుడల్లా కేకలు. దగ్గరకెళ్ళి ఊపిరి వదిలినవాళ్ళని మిగతావాళ్ళు తిడుతున్నారు. ఎండకి గాలి కదిలి పలచబడటం కూడా ఉంది, అందులో చెట్ల వాటా ఎంతో నాకూ తెలీదని చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు. వెంకట్రావుగారు తన కుర్చీ తనే తెచ్చుకుని గట్టవతల వేసుకున్నారు. "మా చెట్లు కూడా సాయం చేస్తున్నాయండీ, అది గమనించాలండీ" అని మధ్యమధ్యలో గుర్తుచేస్తూనే ఉన్నారు. భోజనాల వేళకి నాలుగు వందల పన్నెండుకి దిగింది. పద్మావతిగారు లేచి కొబ్బరిచెట్టుకి షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు మాను తట్టారు.

వెళ్ళేటప్పుడు సత్తిబాబుగారిని పిలిచి, "వచ్చే నెల ఇంకో బ్యాచ్ తెస్తాను. హాలు వద్దు, చాపలు చాలు. ఆ బోర్డు మాత్రం మార్చండి" అన్నారు. లోను మంజూరైనట్టుంది ఆయన మొహం.

కర్నూలు: మా మిద్దె మీద

ఇంటికొచ్చిన మర్నాడు మధ్యాహ్నం మిద్దె మీద వడియాలు తిప్పుతుంటే మంగ ఫోను.

"మస్కట్‌కి చెప్పేసేరే, రానని. పాస్‌పోర్టు నేను బీరువాలో చీరల కింద పెట్టేసేను. కాలవలో పడిన చీర కిందే." నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు. నాకూ కళ్ళు తడిశాయి, వడియాల మీద పడకుండా పక్కకి తిరిగాను.

కొత్త బోర్డు ఏం రాశారే అని అడిగాను.

"'గాలి అందరిదీనండీ. కొబ్బరినీళ్ళు మాత్రం మావండీ.' దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. వెంకట్రావుగారు కూడా పెట్టేరు బోర్డు, 'పక్కవారి గాలికి మా తోట సహకారం కలదు' అని."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత మంగ అడిగింది. "అవునుగానీ, మీ ఊళ్ళో ఎంతుందే ఇప్పుడు?"

మీటరు తెచ్చి పిట్టగోడ మీద పెట్టాను. ఒక్క చెట్టు లేని మిద్దె, ఎండ, ఎదురుగా ఎండిపోయిన ట్యాంకు. ఈ ఎండిన ఊరూ ఆ అంత పచ్చదనమూ ఒకే గాలిలో మునిగి ఉన్నాయని తెలిసిందాన్నే అయినా, ఆ అంకె చూసి తెల్లబోయాను. రాజోల్లో మధ్యాహ్నం ఎంత చూపించిందో ఇంచుమించు అంతే. పైన రెండో మూడో.

"మీ ఇంట్లో ఉన్నంతేనే" అన్నాను.

"అయితే నువ్వింకా మా ఇంట్లోనే ఉన్నావన్నమాట" అంది మంగ. "కాళ్ళు కడుక్కుని రా, అన్నం చల్లారిపోతోంది."